అమ్మ నమ్మని తీర్పు

హత్య కేసులో శిక్ష పడిన రోజు చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు ఏమంటారో కోర్టు బీటు చూసే విలేకరులందరికీ తెలుసు. మా బిడ్డ ఆత్మ శాంతించింది అంటారు. ఇది చాలదు, ఉరి వేయాల్సింది అంటారు. ఇంకేమీ అనలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. 2010 సెప్టెంబరు 29న విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు ఇచ్చిన తీర్పు మీద తెనాలికి చెందిన ఓ తల్లి వీటిలో ఏదీ అనలేదు. కూతురు చనిపోయి అప్పటికి మూడేళ్లు కావస్తోంది. ఆ కూతుర్ని చంపింది ఇతనేనని కోర్టు ఒక కుర్రాడిని దోషిగా తేల్చింది. ఆ తల్లి మాత్రం మా అమ్మాయిని చంపింది ఇతను కాదన్నారు.

అరెస్టు రోజు నుంచీ ఆమె మాట అదే. చార్జిషీటు వేసినప్పుడూ అదే, శిక్ష పడినప్పుడూ అదే. కన్నకూతురి హత్య కేసులో శిక్ష పడినవాడి తరఫున తల్లీతండ్రీ మాట్లాడటం నేను మరెక్కడా చూడలేదు. వాళ్లది జాలి కూడా కాదు. బిడ్డను ఎవరు చంపారో తెలియాలి, ఎవరో ఒకరు దొరికితే సరిపోదు అని వాళ్లు పట్టుబట్టారు. ఆ పట్టుదల ఖరీదు పద్దెనిమిదేళ్లు.

ఈ కథనంలో ఆ అమ్మాయి పేరు రాయడం లేదు. తెలుగునాట ఆ పేరు తెలియనివాళ్లు తక్కువే, ఊరేగింపుల్లో, బ్యానర్ల మీద అది ఏళ్లతరబడి కనిపించింది. అయినా అత్యాచారానికి గురైనవారి పేరు బయటపెట్టకూడదని భారత శిక్షాస్మృతి 228ఎ సెక్షను చెప్పింది, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షనూ అదే చెబుతోంది. చనిపోయినవారికి కూడా ఆ గౌరవం దక్కాలని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ కేసులో చట్టాన్ని పాటించనివాళ్లు చాలామందే ఉన్నారు. కనీసం రాసేవాళ్లమైనా పాటిద్దాం.

తెనాలి నుంచి విజయవాడకు రైలెక్కితే గంట ప్రయాణం. అక్కడి నుంచి హైదరాబాద్ హైవే మీద ఇంకాస్త ముందుకు వెళ్తే ఇబ్రహీంపట్నం. ఒక పక్క కృష్ణమ్మ, ఇంకో పక్క థర్మల్ స్టేషన్ గొట్టాలు. ఇంజినీరింగ్, ఫార్మసీ కాలేజీలు పుట్టుకొచ్చిన రోజుల్లో ఆ చుట్టుపక్కల మేడలు కూడా హాస్టళ్లయ్యాయి. ఆదివారం సాయంత్రం బస్టాండులో చూస్తే కొత్త బకెట్టు, చుట్టచుట్టిన పరుపు, గోంగూర పచ్చడి సీసా మూత మీద కట్టిన గుడ్డ, పక్కన జాగ్రత్తలు చెబుతున్న నాన్న. ఊళ్లో డాక్టరు సీటు రాని పిల్లలకు ఫార్మసీ పెద్ద ఆశ. తెనాలి అమ్మాయి కూడా ఆ ఆశతోనే వచ్చింది. బీ ఫార్మసీలో చేరింది. ఇంకా టీనేజీ దాటలేదు.

2007 డిసెంబరు 27 ఉదయం హాస్టల్ బాత్‌రూములో ఆమె శవమై కనిపించింది. ఒంటి మీద గాయాలున్నాయి. పక్కన ఒక ఉత్తరం ఉంది. తన ప్రేమను కాదన్నందుకే ఇలా చేశానని అందులో రాసి ఉంది.

ఆ రోజుల్లో విజయవాడలో ఉన్నవాళ్లకు ఆ వారం గుర్తుండే ఉంటుంది. కొత్త సంవత్సరం కేకులు కొనాల్సిన ఇళ్లలో ఫోన్లు మోగాయి. "అమ్మా, తలుపు గడియ సరిగా వేసుకుంటున్నావా?" "రాత్రి ఒక్కదానివే బాత్‌రూముకు వెళ్లకు, పక్క పిల్లని లేపు." మా వీధిలో ఇంటర్ చదివే పిల్లని తండ్రి వెళ్లి సామానుతో సహా వెనక్కి తీసుకొచ్చాడు. అతను ఆటో దిగుతూ ఎవరితోనూ మాట్లాడలేదు. పరుపు లోపల పెట్టి, గుమ్మం మీదే చాలాసేపు కూర్చుండిపోయాడు. ఆ పిల్ల చదువు ఆ ఏడాది ఆగింది. ఇలా ఎంతమంది చదువులు ఆగాయో ఎవరూ లెక్క కట్టలేదు.

మహిళా సంఘాలు, విద్యార్థులు రోడ్డెక్కారు. పోలీసుల మీద ఒత్తిడి రోజురోజుకీ పెరిగింది. అనుమానితులను తెచ్చారు, ప్రశ్నించారు, వదిలేశారు. నెలలు గడిచాయి. 2008 ఆగస్టులో పోలీసులు మనిషి దొరికాడని ప్రకటించారు. నందిగామ దగ్గర పల్లెకు చెందిన దళిత యువకుడు. సెల్‌ఫోన్ల దొంగతనం కేసులో పట్టుకుంటే హత్య సంగతి బయటపడిందన్నారు.

వాళ్లు చెప్పిన కథ ఇది: బయటివాడొకడు రాత్రి గోడ దూకి, ఆడపిల్లలతో నిండి ఉన్న హాస్టల్లోకి వచ్చాడు. పడుకున్న అమ్మాయిల్లో ఒకరిని కొట్టాడు, లాక్కెళ్లాడు, అత్యాచారం చేశాడు, చంపాడు, తీరిగ్గా ఉత్తరం పెట్టి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఇంత జరిగినా ఎవరికీ మెలకువ రాలేదు.

హాస్టల్లో ఒక్క రాత్రి పడుకున్నవాళ్లకైనా తెలుసు, అర్ధరాత్రి బకెట్టు కాలికి తగిలితే అయిదారుగురు విసుక్కుంటారు. చదువుకుంటూ మేలుకుని ఉండేవాళ్లు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. తల్లిదండ్రుల మొదటి ప్రశ్న అక్కడే పుట్టింది. ఇంతమంది మధ్య ఇదెలా జరిగింది? ఆ రాత్రి ఆ మేడలో ఎవరెవరు ఉన్నారు? బిడ్డకు పరిచయమే లేని దొంగ ప్రేమ ఉత్తరం ఎందుకు రాస్తాడు? పెద్ద చదువులు అక్కర్లేని ప్రశ్నలు. వంటింట్లో కూర్చుని ఏ అమ్మ అయినా అడిగేవే.

ఎవరినో కాపాడటానికి ఈ పేదవాడిని బలి ఇచ్చారన్నది ఆ తల్లి మొదటి నుంచీ చేసిన ఆరోపణ. పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు ఆమె బహిరంగంగానే చెప్పారు. ఏ కోర్టులోనూ రుజువు కానివి కాబట్టి ఆ పేర్లు ఇక్కడ రాయను. నేరం చేయని మనిషి పేరును హంతకుడని ఊరూరా చాటిన పాపం ఈ కేసులో ఇప్పటికే ఒకసారి జరిగింది.

అవతల ఇంకో అమ్మ ఉంది. కూలి చేసుకుని బతికే మనిషి. కొడుకు అరెస్టయ్యాక ఆ ఇంట్లో మిగిలింది ఆడవాళ్లే. జైల్లో ఆ కుర్రాడికి నరాల జబ్బు ముదిరింది, కాళ్లు చచ్చుబడ్డాయి. గిలియన్ బారే అని డాక్టర్లు పిలిచే జబ్బు. మనిషి తన కాళ్ల మీద తాను నిలబడలేని స్థితిలో ఉన్న ఫొటోలు అప్పట్లో పత్రికల్లో వచ్చాయి. గోడలు దూకి, మనిషిని లాక్కెళ్లాడని చెప్పిన కుర్రాడు ఇతనేనా అని చదివినవాళ్లంతా ఆ ఫొటోల వంక రెండోసారి చూశారు. ఇతను కాదని చనిపోయిన అమ్మాయి తల్లి అంటుంటే, నా కొడుకు కాదని ఈ తల్లి అంటోంది. ఒకే కేసులో ఎదురెదురుగా నిలబడాల్సిన ఇద్దరమ్మలూ ఒకే మాట అన్నారు. ఆ మాట కోర్టు చెవిన పడటానికి దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది.

2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టులో జస్టిస్ సీవీ నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎంఎస్‌కే జైస్వాల్ ధర్మాసనం ఆ శిక్షను కొట్టేసింది. పోలీసుల కథలో పొంతన లేదంది. దర్యాప్తు చేసిన అధికారుల మీద చర్య తీసుకోవాలంది. అతనికి లక్ష రూపాయలు ఇవ్వమంది. రాజమండ్రి సెంట్రల్ జైలు గేటు తెరుచుకుంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపిన యువకుడికి లక్ష రూపాయలు. రోజుకు ఎంత పడుతుందో లెక్క కట్టాలనిపించింది, కట్టాను. ముప్పై మూడు రూపాయలు కూడా రాలేదు.

ఇతను కాకపోతే ఎవరు? నిర్దోషిగా విడుదల అన్న వార్త పక్కన వెంటనే వేయాల్సిన రెండో ప్రశ్న అది. మన దగ్గర చాలా కేసుల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయరు. కింది కోర్టు శిక్షిస్తుంది, పై కోర్టు వదిలేస్తుంది, ఫైలు అటకెక్కుతుంది. చచ్చిపోయిన మనిషి తనంతట తానే చచ్చిపోయినట్టు మిగిలిపోతుంది. ఈ కేసును అలా మిగలనివ్వనిది ఆ తల్లిదండ్రులే. మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చేయమన్నారు. ప్రత్యేక దర్యాప్తు బృందం వచ్చింది. ఆ బృందం పాత సాక్ష్యాల కోసం విజయవాడ కోర్టు తలుపు తట్టింది. అప్పుడు బయటపడిన సంగతి వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

సాక్ష్యం అంటే కోర్టు భాషలో ఏమిటో కొంచెం చెప్పాలి. హత్య జరిగిన చోట దొరికిన ప్రతి వస్తువునూ మధ్యవర్తుల ముందు స్వాధీనం చేసుకుంటారు. దుప్పటి ముక్క కావచ్చు, పగిలిన గాజు కావచ్చు, కాగితం కావచ్చు. దాన్ని కవరులో పెట్టి, చీటీ అంటించి, సంతకాలు తీసుకుని, లక్క కరిగించి సీలు వేస్తారు. అక్కడి నుంచి ఫోరెన్సిక్ ల్యాబుకు, ల్యాబు నుంచి కోర్టుకు వస్తుంది. విచారణలో దానికి ఒక నంబరు ఇస్తారు. ఎంవో (మెటీరియల్ ఆబ్జెక్ట్) ఒకటి, ఎంవో రెండు అని. లాయర్లు, గుమాస్తాలు వాటిని పిలిచేది ఎంవోలనే. విచారణ అయ్యాక కోర్టు ప్రాపర్టీ గదిలో ఉంటాయి. జిల్లా కోర్టుల్లో అలాంటి గదులు చూసినవాళ్లకు ఆ వాసన తెలుసు. చెమ్మ, దుమ్ము, పాత గుడ్డల వాసన. గోనెసంచుల్లో కత్తులు, గొడ్డళ్లు, మరకలు పట్టిన చీరలు, పిల్లల చెప్పులు. ఒక్కో మూట ఒక్కో ఇంటి ఏడుపు.

కేసు తేలాక వాటిని ధ్వంసం చేయొచ్చు, అది మామూలే. కానీ అప్పీలు తేలేదాకా వాటి జోలికి పోకూడదని అప్పట్లో అమల్లో ఉన్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 452వ సెక్షను చెప్పింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. కింది కోర్టు పొరపడిందేమోనని పై కోర్టు చూస్తున్నంతసేపూ ఆ వస్తువులే దిక్కు. ఈ కేసులో అప్పీలు హైకోర్టులో నడుస్తుండగానే విజయవాడ కోర్టులో ఆ సాక్ష్యాలను ధ్వంసం చేసేశారు. ఆ అమ్మాయి చివరి రాత్రికి నోరున్న సాక్షులు ఆ మూటలే. వాటినే లేకుండా చేశారు.

నేరం జరిగిన గది కడిగేశారంటే అర్థం చేసుకోవచ్చు, నేరగాళ్లు అంతకు తెగిస్తారు. పోలీసులు తప్పుడు మనిషిని పట్టుకున్నారంటే కోపం వస్తుంది, కానీ వినని సంగతి కాదు. సాక్ష్యం కోర్టు గదిలోనే, కోర్టు తాళం కిందే మాయమైతే ఇక ఎక్కడ దాచుకోవాలి? ఆ తల్లిదండ్రుల ప్రశ్నల్లో అన్నిటికంటే బరువైనది ఇదే అని నాకనిపిస్తుంది. ఎవరు చంపారన్న ప్రశ్నకు జవాబు ఒక మనిషి పేరు. దీనికి జవాబు చెప్పాల్సింది మన న్యాయవ్యవస్థ.

హైకోర్టు నివ్వెరపోయింది. 2018 నవంబరు 29న కేసును సీబీఐకి అప్పగించింది. హత్య మీద ఒక కేసు, సాక్ష్యాల ధ్వంసం మీద కోర్టు సిబ్బందిపై మరో కేసు. ఆ తర్వాత నెల తిరిగేసరికి ఉమ్మడి హైకోర్టు కూడా రెండయింది, ఏపీ హైకోర్టు అమరావతికి వచ్చింది. వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన కేసు ఇది. రోశయ్య, కిరణ్‌కుమార్‌రెడ్డి, చంద్రబాబు, జగన్, మళ్లీ చంద్రబాబు. రాష్ట్రం విడిపోయింది, రాజధాని మారింది, జిల్లా పేరు కూడా మారింది. తెనాలిలో ఆ ఇంటివాళ్లు మాత్రం ఎవరు అన్న ప్రశ్న దగ్గరే ఉన్నారు.

వస్తువులు లేవు కాబట్టి సీబీఐకి మిగిలింది మనిషి ఒక్కటే, మట్టి కింద ఉన్న మనిషి.

2019 డిసెంబరు 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లును ఆమోదించింది. మహిళలపై అత్యాచారం కేసుల్లో ఏడు రోజుల్లో దర్యాప్తు, పద్నాలుగు రోజుల్లో విచారణ, మొత్తం ఇరవై ఒక్క పనిదినాల్లో తీర్పు అన్నారు. బల్లలు చరిచారు. సరిగ్గా మర్నాడు, డిసెంబరు 14న, తెనాలి శ్మశానవాటికలో సీబీఐ ఆ అమ్మాయి ఖబర్ తవ్వించింది. ఆమె చనిపోయి అప్పటికి పన్నెండేళ్లు. ఈ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి ఎవరైనా అడిగారేమో నాకు గుర్తు లేదు. నేను మాత్రం క్యాలెండరులో ఆ రెండు గళ్ల మీద చాలాసేపు వేలు పెట్టుకుని కూర్చున్నాను.

ఆ దిశ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం దొరకనే లేదు.

ఖబర్ తవ్వడం ముస్లిం కుటుంబానికి ఎంత బాధో చెప్పడానికి మాటలు చాలవు. మట్టిలో కలిసిన మనిషిని కదిలించడమంటే ప్రాణం ఉన్నవాళ్లను గాయపరచినంత తప్పుగా చూస్తారు. మత పెద్దల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. మా సంప్రదాయానికి విరుద్ధమే అయినా న్యాయం కోసం ఒప్పుకుంటున్నామన్నారు తల్లిదండ్రులు. ఒక తల్లి ఆ మాట అనడానికి ఎన్ని రాత్రులు నిద్ర పోకుండా ఉండాలి!

శవాన్ని వెలికితీసే పని చాలా నెమ్మదిగా జరుగుతుంది. గునపం పోటు పడితే పాత గాయమేదో కొత్త విరుపేదో తేడా చెరిగిపోతుంది కాబట్టి పై మట్టి తీశాక పారలు పక్కన పెట్టేస్తారు, చేతులతో, కుంచెలతో పని చేస్తారు. లోతు కొలుస్తారు. పైన, కింద, పక్కల మట్టిని విడివిడిగా సీసాల్లో తీసుకుంటారు. ఒక్కో ఎముకను తీసి తెల్లగుడ్డ మీద మనిషి పడుకున్న వరుసలో పేరుస్తారు. పుర్రె, మెడపూసలు, పక్కటెముకలు, చేతులు, కాళ్లు. డీఎన్ఏ కోసం పళ్లు, తొడ ఎముక చూస్తారు. పన్నెండేళ్ల తర్వాత మాంసం ఉండదు. అత్యాచారం ఆనవాళ్లు మట్టి మిగల్చదు. ఎముక మీద పడిన దెబ్బ మాత్రం ఉంటుంది. ప్రాణం ఉన్నప్పుడో, పోతున్నప్పుడో తగిలిన దెబ్బకు ఎముక పచ్చికట్టెలా చీలుతుంది, ఎండాక విరిగితే ఎండుపుల్లలా పెళుసుగా విరుగుతుంది. ఆ తేడా చదవగల డాక్టర్లున్నారు. కోర్టు గదిలో సాక్ష్యాల మూటలను కాపాడి ఉంటే ఆ బిడ్డను ఇలా లేపాల్సిన అవసరమే ఎంతమేరకు ఉండేది?

ఖబర్ తవ్విన నెలలోనే, 6న తెల్లవారుజామున హైదరాబాద్ శివారు చటాన్‌పల్లి వంతెన దగ్గర, వెటర్నరీ డాక్టరుపై అత్యాచారం, హత్య కేసులో అరెస్టయిన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. చల్లిన చేతుల్లో నాకు తెలిసినవాళ్లవీ ఉన్నాయి, వాళ్లు చెడ్డవాళ్లు కారు, కూతుళ్లున్నవాళ్లు, భయపడ్డవాళ్లు. 2022లో జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఆ నలుగురినీ కావాలనే కాల్చారని తేల్చింది. ఆ రోజు పూలు చల్లినవాళ్లెవరైనా ఎనిమిది రోజుల తర్వాత తెనాలిలో తవ్విన గుంత గురించి ఆలోచించి ఉంటారా? 2008లో ఆ నందిగామ కుర్రాడిని కూడా ఏదో వంతెన దగ్గర కాల్చేసి ఉంటే మనం అప్పుడూ పూలే చల్లేవాళ్లం. కేసు మూసేసేవాళ్లు. హంతకుడు ఎక్కడో కాఫీ తాగుతూ పేపరు చదివేవాడు. ఆ అమ్మ ఒక్కరే తలుపు వేసుకుని ఇతను కాదని ఏడ్చి ఉండేవారు. నిజం కావాలని అడిగే తల్లికి, ప్రతీకారం కావాలని అడిగే గుంపుకు మధ్య ఎంత దూరం ఉందో ఈ కేసు చూశాకే నాకు అర్థమైంది.

ఆమె ఒక్కరే కారు. 2017 ఆగస్టులో కర్నూలులో ఒక గిరిజన బాలిక చదువుకునే స్కూలు హాస్టల్లోనే చనిపోయింది. ఉరేసుకుందన్నారు. మా బిడ్డ ఉరేసుకునేది కాదని తల్లిదండ్రులు అన్నారు, సీబీఐ కావాలని అడిగారు. చక్రాల కుర్చీలో కూర్చునే ఆ తల్లి ధర్నా చౌకుల్లో, ఊరేగింపుల్లో కనిపిస్తూనే వచ్చారు. ఎన్నికల సభల్లో ఆ పాప పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాళ్లున్నారు. హాస్టలుకు పంపిన బిడ్డ ఎలా పోయిందో చెప్పండని అడగడానికి ఒక అమ్మ కుర్చీ తోయించుకుంటూ రోడ్డెక్కాల్సి వచ్చింది.

తెనాలి కేసులో సీబీఐ తన నివేదికను 2025లో హైకోర్టుకు అందజేసింది. అందులో ఏం రాశారో తమకు ఇవ్వమని తల్లిదండ్రులు అడగాల్సి వచ్చింది. 2007లో హాస్టల్ నుంచి ఫోను వచ్చిన నాటి వయసు కాదు వాళ్లది. ఆ బిడ్డ బతికి ఉంటే ఏ మందుల కంపెనీలోనో ఇప్పుడు సీనియర్ ఉద్యోగి. పండక్కి పిల్లల్ని తీసుకుని తెనాలి రైలెక్కేది.

ఇంకో సంగతి చెప్పాలి. 2019 డిసెంబరులో తవ్వి తీసిన ఎముకలు పరీక్షల కోసమని వెళ్లాయి. నెలలు, ఏళ్లు గడిచాయి. బిడ్డ అవశేషాలను అప్పగిస్తే మా సంప్రదాయం ప్రకారం తిరిగి ఖననం చేసుకుంటామని, దానికి కూడా ఆ తల్లిదండ్రులు హైకోర్టులోనే పిటిషన్ వేసుకోవాల్సి వచ్చింది.